పతకం అంచు కూడా చదవాలి

సంపాదకుల వారికి నమస్కారం.

మీ పత్రిక బెంగళూరు అనుబంధంలో గత ఆదివారం ప్రచురించిన ఒక కుటుంబ కథనాన్ని శ్రద్ధగా చదివాను. మొదటి ప్రపంచ యుద్ధానికి వెళ్ళివచ్చిన తమ ముత్తాతగారి పతకాన్ని నాలుగు తరాలుగా బీరువాలో దాచుకొంటూ వచ్చిన ఆ తెలుగు కుటుంబాన్ని వెతికి పట్టుకొని మాట్లాడించిన మీ విలేకరిని ముందుగా అభినందిస్తున్నాను. అయితే ఆ కథనానికి ‘చక్రవర్తి ఇచ్చిన బంగారు శౌర్య పతకం’ అని శీర్షిక పెట్టారు. పక్కన అచ్చువేసిన ఫొటో స్పష్టంగానే ఉంది. అందులో చక్రవర్తి బొమ్మ లేదు, ఆ లోహం బంగారం కాదు, ఆ పతకం శౌర్యానికి ఇచ్చినదీ కాదు.

ఫొటోలో కనిపిస్తున్నది రెక్కలు చాచి నిలబడిన స్త్రీమూర్తి. వెనుక వైపు ఆకుల దండ మధ్య, నాగరికత కోసం జరిగిన మహాయుద్ధం అనే అర్థం వచ్చే ఇంగ్లీషు మాటలు, 1914-1919 అనే సంవత్సరాలు ఉంటాయి. పైన ఇంద్రధనుస్సు రంగుల రిబ్బను, దాని నడుమ ఎర్రచార. దీని పేరు విక్టరీ మెడల్. కంచుతో చేసిన 36 మిల్లీమీటర్ల బిళ్ళ. మిత్రదేశాలన్నీ ఇదే రిబ్బనుతో తమ తమ సైనికులకు ఇటువంటి పతకాలు ఇచ్చుకొన్నాయి. ఒక్క బ్రిటిష్ సామ్రాజ్యం తరఫునే దాదాపు 57 లక్షలు ఇచ్చారు. యుద్ధరంగంలో అడుగుపెట్టి విధుల్లో ఉన్నవాడు తుపాకి పట్టాడా, కంచరగాడిదలు తోలాడా, నదిమీద పడవల వంతెన కట్టాడా అని ఈ పతకం అడగదు. కొత్తగా ఉన్నప్పుడూ, బాగా తోమినప్పుడూ పచ్చగా మెరుస్తుంది కాబట్టి ఇంట్లోవాళ్ళు బంగారమనుకోవడం సహజమే. విలేకరి కూడా అలాగే అనుకోవడం మాత్రం నాకు కొంచెం కష్టం కలిగించింది.

ఆనాటి భారతీయ సైనికులకు శౌర్యానికి ఇచ్చినవి వేరే ఉన్నాయి. 1837లో ఏర్పడిన ఇండియన్ ఆర్డర్ ఆఫ్ మెరిట్, 1907లో వచ్చిన ఇండియన్ డిస్టింగ్విష్డ్ సర్వీస్ మెడల్ వాటిలో ముఖ్యమైనవి. బ్రిటిష్ వారి అత్యున్నత శౌర్య పతకమైన విక్టోరియా క్రాస్‌కు భారతీయులు అర్హులని 1911 ఢిల్లీ దర్బారులో ప్రకటించాక, దాన్ని అందుకొన్న తొలి భారతీయ సైనికుడు ఖుదాదాద్ ఖాన్. బెల్జియంలో 1914 అక్టోబరు 31న చేసిన పోరాటానికి అది దక్కింది. ఆ విక్టోరియా క్రాస్ కూడా కంచుదే. మన పరమవీర చక్ర కంచుది, దాని తర్వాతి మెట్టు మహావీర చక్ర వెండిది. లోహాన్ని చూసి హోదా ఊహించే అలవాటు పతకాల విషయంలో మనలను తప్పుదారి పట్టిస్తుందని చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

ఇంత చిన్న పొరపాటుకు ఉత్తరం రాయవలసిన పని ఏమిటని మీరు అనుకోవచ్చు. నేను బ్యాంకులో పనిచేసి విరమించినవాణ్ణి. నలభై ఏళ్ళుగా పాత పతకాలు, టోపీ బ్యాడ్జీలు, యూనిఫారం గుండీలు సేకరిస్తున్నాను. ఇటువంటి కథనం వచ్చిన ప్రతిసారీ రెండు సంగతులు జరగడం చూస్తున్నాను. వారం తిరగకుండా ఎవరో ఒకరు ఆ ఇంటి తలుపు తట్టి, ‘బంగారం కాదని తేలింది కదా, ఇత్తడి ధరకు ఇవ్వండి’ అని బేరమాడతారు. ఇంకోవైపు ఆదివారపు సంతలో పోతపోసిన నకళ్ళకు ‘శౌర్య పతకం’ అనే పేరు తగిలించి అయిదారు రెట్లు ధర చెప్పడం మొదలవుతుంది. ఈ రెండు నష్టాలనూ తట్టుకోవచ్చు. మూడో నష్టం ఒకటి ఉంది, అది మా ఇంట్లోనే జరిగింది కాబట్టి దాని గురించి కొంచెం వివరంగా రాస్తాను.

మా తాతగారు విజయనగరం దగ్గరి ఒక పల్లెనుంచి బెంగళూరు వచ్చి మద్రాసు సాపర్లలో, అంటే సైన్యానికి వంతెనలూ దారులూ కట్టే దళంలో, చేరారు. హలసూరు చెరువు పక్కన ఈనాడు మద్రాస్ ఇంజనీర్ గ్రూపు అని పిలుస్తున్న ఆ దళం పుట్టుక 1780 నాటిది. మొదటి యుద్ధకాలంలో దాని పేరు రెండవ క్వీన్ విక్టోరియాస్ ఓన్ సాపర్స్ అండ్ మైనర్స్. తాతగారు మెసొపొటేమియా, అంటే నేటి ఇరాక్, వెళ్ళారు. ఆ పేరు మా ఇంట్లో ఎవరికీ నోరు తిరిగేది కాదు కాబట్టి అందరూ బస్రా అనేవారు. మాట వినని పిల్లలను ‘నిన్ను బస్రా పంపించేస్తాను’ అని మా నాయనమ్మ బెదిరించడం నాకు గుర్తుంది. తాతగారు తిరిగివచ్చాక రెండు పతకాలు వచ్చాయి. ఒకటి పైన చెప్పిన కంచు విక్టరీ మెడల్. రెండోది బ్రిటిష్ వార్ మెడల్. ఒకవైపు ఐదవ జార్జి తల, మరోవైపు దిగంబరుడైన రౌతు గుర్రపు డెక్కలకింద గద్ద గుర్తున్న డాలునూ పుర్రెనూ తొక్కిస్తున్న బొమ్మ. దాని రిబ్బను నడుమ నారింజ రంగు, దానికి ఇరుపక్కలా వరుసగా తెలుపు, నలుపు, నీలం చారలు. ఇది వెండిది, దాదాపు ఒక ఔన్సు తూగుతుంది. ఇవి కూడా 65 లక్షలవరకూ ఇచ్చారు. కూలి దళాల్లో పనిచేసిన చైనీయులకూ, మాల్టా వారికీ, మన భారతీయులకూ మాత్రం ఇదే పతకాన్ని వెండికి బదులు కంచులో పోయించి ఇచ్చారు. యుద్ధం ఒకటే అయినా మట్టిమోసిన వాడికి వెండి ఎందుకన్న లెక్క కాబోలు.

1980 జనవరిలో వెండి ధర ప్రపంచమంతటా కనీవినీ ఎరుగనంతగా పెరిగింది. ఆ ఏడాదే మా అక్క పెళ్ళి. అమ్మ ఆ వెండి పతకాన్ని కంసాలి దగ్గరకు తీసుకువెళ్ళింది. ఆయన వేలాడే కొక్కెం కత్తిరించి, బిళ్ళను త్రాసులో వేసి, మూడు తులాలకు కొంచెం తక్కువ అన్నాడు. నేను పక్కనే ఉన్నాను, నోరు విప్పలేదు. అది కాలిపట్టీల్లో కలిసిపోయింది. తర్వాత ఆ పట్టీలనూ మార్చి వేరే డిజైను చేయించారు. అమ్మను తప్పుపట్టడం లేదు. ఆ ఏడాది ఇంగ్లండులోనే ఇటువంటి పతకాలు కుప్పలుగా కరిగిపోయాయి. కంచుదానికి ధర రాదు కాబట్టి అది దేవుడి గూట్లో మిగిలింది. ఏటా సంక్రాంతికి ముందు ఇత్తడి సామానుతోపాటు దాన్నీ చింతపండు, ముగ్గుపిండి వేసి తోమేవారు.

నేను ఈ విషయాలు నేర్చుకొన్నాక ఆ కంచు బిళ్ళను చేతిలోకి తీసుకొని మొదటిసారి చేసిన పని దాని అంచును చూడడం. మొదటి యుద్ధపు పతకాల గొప్పతనమంతా ఆ మూడు మిల్లీమీటర్లు కూడా లేని అంచులోనే ఉంది. సైనికుడి నంబరు, హోదా, పేరు, దళం అందులో ఉక్కు అచ్చులతో పొడిచి ఉంటాయి. మా తాతగారి పతకం మీద సాపర్ అనే హోదా పొడి అక్షరాల్లో ఉంది, దళం పేరు సంక్షిప్తంగా ఉంది, పేరు చాలావరకు ఉంది. నాలుగంకెల నంబరులో చివరి అంకె మూడో ఎనిమిదో తెలియదు. చింతపండు పులుపు, ముగ్గుపిండి గరుకుదనం కలిసి అరవై ఏళ్ళపాటు దాన్ని నున్నగా అరగదీశాయి. భూతద్దం పెట్టినా, టార్చిలైటు ఏటవాలుగా వేసినా, పొద్దున పూట ఎండలో తిప్పి చూసినా తేలలేదు. అదే నంబరు, అవే అక్షరాలు కరిగిపోయిన వెండి పతకం అంచు మీద కూడా ఉండేవి. వెండిదాన్ని ఎవరూ చింతపండుతో తోమేవారు కాదు.

ఒక్క అంకెకు ఇంత బాధ ఎందుకో మన తెలుగువాళ్ళకు ప్రత్యేకంగా చెప్పాలి. పంజాబీ సిపాయి పేరు రాసేటప్పుడు సింగ్ అనో ఖాన్ అనో ఏదో ఒకటి జతపడుతుంది. మనవాళ్ళ ఇంటిపేరు సాధారణంగా ఆ అంచు మీదికి ఎక్కదు. మిగిలేది అప్పలస్వామి, రామస్వామి, వెంకటస్వామి. అది కూడా భరతీ చేసుకొన్న గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా రాసిన ఇంగ్లీషు స్పెల్లింగులో. ఒకే దళంలో ఒకే పేరుగల సాపర్లు అరడజను మంది ఉన్నా ఆశ్చర్యం లేదు, వారిని వేరుచేసేది నంబరు ఒక్కటే. మా తాతగారి పేరు చాలా మామూలు పేరు. నాకు దొరికిన కాగితాల్లో ఒకే పేరు కింద చివర మూడుతో ఒకరు, చివర ఎనిమిదితో ఒకరు ఉన్నారు. వారిలో మూడుతో ఉన్నాయన గాయపడి తిరిగివచ్చారు. మా తాతగారి కుడిచేతికి రెండు వేళ్ళు లేవు. దాన్నిబట్టి మూడు అని నేను నమ్ముతున్నాను. నమ్మడం వేరు, చదవడం వేరు కదా.

ఆ అంచు ఎంత విలువైనదో తెలియాలంటే బస్రా స్మారకం సంగతి తెలియాలి. మెసొపొటేమియాలో మరణించి సమాధి తెలియని 40 వేలకు పైగా సైనికుల స్మృతికి కట్టిన కట్టడం అది. 1997లో సద్దాం హుసేన్ ఆజ్ఞ ప్రకారం దాన్ని నౌకాశ్రయం దగ్గరనుంచి విడదీసి, ఊరికి 32 కిలోమీటర్ల దూరంలో నసీరియా దారిలో ఎడారిలో తిరిగి నిలబెట్టారు. దాని రాతి పలకల మీద బ్రిటిష్ సైనికులందరి పేర్లూ ఉన్నాయి. భారతీయ సైన్యంలో అధికారులకు మాత్రమే పేర్లు చెక్కారు, మామూలు సిపాయిలను దళం పేరు కింద ఇంతమంది అని అంకెల్లో సరిపెట్టారు. ఇటువంటి వివక్ష తమ పూర్వ సంస్థ అనేకచోట్ల చూపిందని కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ 2021 ఏప్రిల్‌లో నివేదిక ప్రచురించి క్షమాపణ చెప్పింది. రాతి మీద పేరు దక్కని సాపర్‌కు లోహం మీద పేరు దక్కింది. జీతం జాబితాల్లో తప్ప బ్రిటిష్ ప్రభుత్వం ఆయన పేరును శ్రద్ధగా అచ్చువేసిన చోటు బహుశా ఆ పతకం అంచు ఒక్కటే.

అందుకే ‘బంగారు శౌర్య పతకం’ అన్న మాట నన్ను ఇబ్బంది పెట్టింది. మీ కథనంలో పతకం ముందువైపు ఫొటో ఉంది, కుటుంబ సభ్యుల ఫొటోలు మూడు ఉన్నాయి. అంచు మీద ఏముందన్న మాట ఎక్కడా లేదు.

పతకాన్ని గుర్తుపట్టడం తర్కంతో కూడిన పని. దానికి పెద్ద చదువు అవసరం లేదు. బిళ్ళ వ్యాసాన్ని మిల్లీమీటరులో భాగాలదాకా కొలిచే వెర్నియర్ కాలిపర్ ఒకటి కొనుక్కొంటే చాలు. అసలు పేరు ఆకురాయితో గీసేసి, ఖరీదైన దళం పేరు కొత్తగా చెక్కించి అమ్మడం పాత మోసం. అంచు గీస్తే ఆ మేరకు బిళ్ళ వ్యాసం తగ్గుతుంది. ఒకసారి ఆదివారం సంతలో ఒక వెండి వార్ మెడల్ చేతికి వచ్చింది. దళం మైసూరు లాన్సర్లు, అంటే మైసూరు సంస్థానపు ఆశ్వికదళం, అని ఉంది. 1918 సెప్టెంబరు 23న నేటి ఇజ్రాయెల్‌లోని హైఫా పట్టణాన్ని గుర్రాలమీద దూసుకువెళ్ళి పట్టుకొన్న దళాల్లో మైసూరు లాన్సర్లు ఒకటి కాబట్టి బెంగళూరులో ఆ పేరుకు గిరాకీ ఎక్కువ. నేను కాలిపర్ పెట్టి నాలుగు చోట్ల కొలిచాను. రెండు చోట్ల 36 మిల్లీమీటర్లు, పేరు ఉన్న రెండు చోట్ల 35కు కొంచెం పైన. అక్షరాల గీతలు కూడా అచ్చు పొడిచినవి కావు, చేతితో చెక్కినవి. అంగడివాడు నా మొహం చూసి, ‘హైఫా మెడల్ సార్, ఇంకెక్కడా దొరకదు’ అన్నాడు. ఆ మాట ఒక రకంగా నిజమే. హైఫా పేరుతో ప్రత్యేక యుద్ధ పతకం ఏదీ ఇవ్వలేదు, ఆ రౌతులకూ అందరిలాగే ఈ వెండి, కంచు జంటే వచ్చింది.

బ్యాడ్జీల విషయంలో కిరీటాన్ని చూడడం నేర్చుకొంటే సగం పని అయిపోతుంది. 1901 తర్వాత రాజుల కాలంలో వాడిన కిరీటం పైభాగం గోపురంలా ఉబ్బి ఉంటుంది. 1953లో ఎలిజబెత్ పట్టాభిషేకం నాటినుంచి వాడిన దాంట్లో కమానులు నడిమధ్య కిందికి కుంగుతాయి. మన సైన్యంలో 1950 జనవరి 26 నుంచి కిరీటం పోయి అశోకుని సింహాలు వచ్చాయి. అధికారుల భుజాలమీది నక్షత్రం కూడా అప్పుడే అయిదు మొనలది అయింది. ఈ మూడు ముక్కలు తెలిసినవారికి, ‘బర్మాలో తాతగారు పెట్టుకొన్న బ్యాడ్జి’ అని చెప్పి సింహాల బ్యాడ్జి చూపించేవాడి మాట ఎంతవరకు నమ్మాలో వెంటనే తెలుస్తుంది. ఆ బ్యాడ్జి అసలుదే కావచ్చు, తాతగారూ అసలువారే కావచ్చు, ఆ రెండింటినీ కలిపిన కథ మాత్రం అమ్మకం కోసం పుట్టింది. అలాగే కమానులు కుంగిన కిరీటంతో భారతీయ దళం బ్యాడ్జి కనిపిస్తే దాన్ని కిందపెట్టి ముందుకు నడవడం మంచిది.

రెండో యుద్ధపు పతకాలు మన ఇళ్ళల్లో ఇంకా ఎక్కువగా ఉంటాయి. ఆరు మొనల నక్షత్రాలు. వాటిలో ముదురు నీలం, నారింజ, నడుమ వెడల్పుగా ఎరుపు ఉన్న రిబ్బనుది బర్మా స్టార్. రెండు నీలాల రిబ్బనుతో భారతదేశ పటం ఉన్నది ఇండియా సర్వీస్ మెడల్, మూడేళ్ళు దేశంలోపలే సేవచేసిన వారికి ఇచ్చినది. ఇవి కూడా శౌర్య పతకాలు కావు. ఈ యుద్ధపు పతకాలను బ్రిటిష్ సైనికులకు పేర్లు లేకుండానే పంచిపెట్టారు. భారతీయులకు వచ్చిన వాటిలో చాలావాటి మీద పేర్లు ఉన్నాయి, కాబట్టి వీటి అంచులూ వెనుకభాగాలూ తిప్పి చూడకుండా వదలకూడదు. మా తాతగారి దళంలో అసలైన శౌర్య గాథలు లేక కాదు. మద్రాసు సాపర్లలో పనిచేసిన సుబేదార్ సుబ్రమణ్యన్ 1944 ఫిబ్రవరి 24న ఇటలీలో పేలబోతున్న మందుపాతర మీద తన శరీరాన్ని అడ్డుగా వేసి తోటివారిని కాపాడి మరణించారు. జార్జి క్రాస్ అనే శౌర్య పతకం పొందిన తొలి భారతీయుడు ఆయన. ఒక పతకాన్ని శౌర్య పతకం అనేముందు, ఏది అటువంటిది కాదో తెలిసి ఉండాలన్నదే నా విన్నపం.

ఆయుధాల సంగతి రెండు మాటల్లో ముగిస్తాను, ఎందుకంటే దాని మీద నాకు మక్కువ లేదు. 1959 ఆయుధాల చట్టం తుపాకులతో ఆగిపోదు, కత్తులకూ బాయ్‌నెట్లకూ వర్తిస్తుంది. కొనేముందు పోలీసు స్టేషనులో అడగడం నామోషీ కాదు. గూట్లో పూలకుండీగా నిలబెట్టిన ఫిరంగి ఇత్తడి తొడుగు చాలామంది ఇళ్ళల్లో ఉంటుంది. దాన్ని తలకిందులు చేసి అడుగున చూస్తే తయారైన సంవత్సరం, కర్మాగారం గుర్తు, నడుమ మందును అంటించే ప్రైమరు బిళ్ళ కనిపిస్తాయి. ప్రైమరు మీద సూది గుచ్చిన గుంట ఉంటే అది పేలిన తొడుగు. గుంట లేకపోయినా, కొనకు గుండు ఇంకా బిగించి ఉన్నా దాన్ని కదపకుండా పోలీసులకు చెప్పాలి. ఇక టిప్పు సుల్తాన్ కత్తుల గురించి అడగనే వద్దు. 2023 మేలో లండన్‌లో ఆయన పడకగది కత్తి 1.4 కోట్ల పౌండ్లకు వేలంలో పోయిందన్న వార్త వచ్చిన తర్వాత మా సంతలో టిప్పు కత్తి లేని అంగడి లేదు. ఒక దానిమీద పిడి దగ్గర ఉక్కు కంపెనీ స్టిక్కరు పూర్తిగా ఊడకుండా ఉండగా నేనే చూశాను.

చట్టం విషయంలో పాఠకులు తెలుసుకోవలసినది ఇంకొకటి ఉంది. నూరేళ్ళు దాటిన చారిత్రక వస్తువులను 1972 నాటి పురావస్తువుల చట్టం పురావస్తువులుగా పరిగణిస్తుంది, వాటిని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. 1914-18 యుద్ధపు పతకాలు ఇప్పుడు ఆ గీత దాటాయి. విదేశాల్లోని సేకర్తలు మంచి ధర ఇస్తామని ఫోన్లలో అడుగుతున్నారని చెప్పి ఇక్కడ మధ్యవర్తులు ఇళ్ళకు వస్తున్నారు. కవరులో పెట్టి పోస్టు చేయడం సులభమే. పట్టుబడితే పేరు కవరు మీద రాసినవారిది, మధ్యవర్తిది కాదు.

సేకర్తలం అందరం మంచివాళ్ళమని కూడా నేను అనను. ఒకే సైనికుడి మూడు పతకాలను విడదీసి ముగ్గురికి అమ్మితే లాభం ఎక్కువ వస్తుంది కాబట్టి మాలోనే కొందరు అలా చేస్తారు. కంచు పతకం మీద పేరున్న మనిషి వెండి పతకం ఎక్కడో ఒకచోట ఇంకా ఉండవచ్చు. జంటను కలపడానికి పదేళ్ళు ఉత్తరాలు రాసుకొన్న మిత్రుడొకరు నాకు ఉన్నారు. ఆయన కలిపిన జంట విశాఖ జిల్లా సైనికుడిది; ఒకటి కోయంబత్తూరులో, మరొకటి పుణేలో దొరికింది. కలిపాక ఆయన దాన్ని అమ్ముకోలేదు, ఆ సైనికుడి మనుమరాలికి ఇచ్చివచ్చారు. ఆమె దాన్ని ఏం చేశారని నా మిత్రుణ్ణి అడిగితే, ‘తోమలేదు, అది చాలు’ అన్నారు.

మన ప్రాంతంలో ఇటువంటి సమాచారం పోగుచేసే ప్రయత్నం జరగలేదన్నది నా బాధ. లాహోరు మ్యూజియంలో దాదాపు శతాబ్దంపాటు ఎవరూ తెరవని రిజిస్టర్లను 2021లో కంప్యూటరుకు ఎక్కించి, మొదటి యుద్ధానికి వెళ్ళిన 3,20,000 మంది పంజాబు సైనికుల వివరాలను ఊళ్ళవారీగా అందరికీ చూపించడం మొదలుపెట్టారు. పశ్చిమ గోదావరిలో తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని మిలిటరీ మాధవరం అని పిలుచుకొంటాం. ఈ ఊరినుంచి యుద్ధానికి ఇంతమంది వెళ్ళారు, ఇంతమంది తిరిగిరాలేదు అని ఇంగ్లీషులో చెక్కిన చిన్న పాలరాతి పలకలు అప్పటి మద్రాసు రాష్ట్రపు ఊళ్ళల్లో ఇప్పటికీ కనిపిస్తాయి. వాటి మీదా అంకెలే, పేర్లు లేవు. బెంగళూరు బ్రిగేడ్ రోడ్డులోని సాపర్ల స్మారకం పక్కనుంచి ప్రతిరోజూ వేలమంది తెలుగువాళ్ళు నడిచిపోతుంటారు. వారిలో ఎంతమంది ఇళ్ళల్లో ఏ ట్రంకుపెట్టెలో ఏ పేరు ఉందో పత్రికలు అడిగితేనే బయటికి వస్తుంది. మీ పత్రిక అడగగలదు. అందుకే మీకే రాస్తున్నాను.

మీరు సవరణ వేస్తే సంతోషం. అంతకంటే ముఖ్యంగా, ఇకముందు ఇటువంటి వస్తువు ఏదైనా మీ పేజీల్లోకి వస్తే రెండు ముఖాలతోపాటు అంచు చుట్టూ తీసిన ఫొటోలను కూడా వేయండి. బిళ్ళను తెల్ల కాగితం మీద నిలబెట్టి, దీపం పక్కనుంచి పడేలా పెట్టి, కొంచెం కొంచెంగా తిప్పుతూ ఆరు ఫొటోలు తీస్తే అక్షరాలన్నీ వస్తాయి. మామూలు సెల్‌ఫోను చాలు. ఫొటో బాగా రావాలని మాత్రం ముందుగా బ్రాస్సో పాలిష్ పెట్టి తోమించవద్దు, నిమ్మకాయ రుద్దించవద్దు, విభూతితో తుడిపించవద్దు. ఆ నల్లని పొర లోహానికి కవచం. పాత రిబ్బను చిరిగిపోయి ఉన్నా దాన్ని తీసేసి కొత్తది వేయకూడదు. ప్లాస్టిక్ కవర్లలో చాలావాటినుంచి వెలువడే జిగురు కంచును పచ్చగా తినేస్తుంది, ఉతికిన నూలుగుడ్డలో చుట్టి పెడితే చాలు. డిశ్చార్జి కాగితాలు, పింఛను పుస్తకం, పాత ఉత్తరాలు ఏమైనా ఉంటే పతకంతోపాటే ఒకే పెట్టెలో ఉండాలి. పతకం ఒకరికి, కాగితాలు ఒకరికి అన్నదమ్ములు పంచుకొంటే రెండూ మూగవైపోతాయి.

మీ కథనంలోని కుటుంబం చిరునామా నాకు పంపనవసరం లేదు. నా ఫోన్ నంబరు మీ కార్యాలయంలో ఉంది, వారికి అభ్యంతరం లేకపోతే దాన్ని వారికి ఇవ్వండి. వారి ముత్తాతగారు కూడా మద్రాసు సాపర్ అని మీ విలేకరి రాశారు. ఆయన నంబరు మా తాతగారి నంబరుకు దగ్గరిదైతే ఇద్దరూ ఒకే నెలలో, ఒకే వరుసలో నిలబడి భరతీ అయి ఉండవచ్చు. భూతద్దం, కాలిపర్, టార్చి నా దగ్గర ఉన్నాయి. ఏ ఆదివారమైనా వారి వీలునుబట్టి నేనే వారి ఇంటికి వెళ్ళగలను.

భవదీయుడు,
ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి,
హలసూరు, బెంగళూరు